మఖ్జన్‌లో జ

శనివారం పొద్దున్న ఏడింటికి కువైట్‌లోని సబ్హాన్‌లో మా గోడౌన్ తలుపులు తీసేసరికి ముప్పై రెండు తెరలూ నల్లగా ఉన్నాయి. ప్రతి తెర మీదా ఒకే ఒక్క తెల్ల వరుస: ఫైలు దొరకలేదు. మొదటిదాన్ని ఆపి మళ్ళీ వేశాను. దొరకలేదు. రెండోదాన్ని వేశాను. దొరకలేదు. నాకు కోపం వస్తే నోరు లేస్తుంది, భయం వేస్తే ఇంకా పైకి లేస్తుంది. ఆ నోరే ఆ రోజు కొంప ముంచింది. నా కొంప కాదు, ఇంకొకరి కొంప.

ముందు నా పనేమిటో చెప్పాలి. పెరుగు, లబ్నా, చీజు, గడ్డకట్టిన కోళ్ళు ఊళ్ళో ఉన్న జమియాలన్నిటికీ, అంటే సహకార దుకాణాలకు, పంపే గోడౌన్ మాది. ఏ లారీలో ఏది ఎక్కాలో చెప్పేవి ఆ ముప్పై రెండు కంప్యూటర్లు. అవి లేవకపోతే ఒక్క పెట్టె కదలదు. వాటిని లేపి ఉంచడానికి కోనసీమ నుంచి వచ్చిన నన్ను ఆ కంపెనీ పెట్టుకుంది. ఆడమనిషికి గోడౌన్‌లో ఏం పని అన్నవాళ్ళకు ఆరేళ్ళుగా సమాధానం చెబుతూనే ఉన్నాను.

అవన్నీ పిల్ల కంప్యూటర్లు. లోపల డిస్కు ఉండదు, సొంత బుర్ర లేదు. స్విచ్చి వేయగానే వైరులోంచి సర్వరుని అడుగుతాయి, నేను లేవడానికి కావలసిన ఫైలు ఎక్కడుంది అని. సర్వరు ఒక దారి చెబుతుంది. కువైట్‌లో మనం చిరునామా చెప్పినట్టే: ఫలానా బ్లాకు, ఫలానా వీధి, ఫలానా బిల్డింగు. వీధి నంబరు తప్పు చెబితే డెలివరీకి వచ్చినవాడు ఎండలో రెండు చుట్లు తిరిగి ఫోనైనా చేస్తాడు. వీటికి ఆ మాత్రం తెలివి కూడా లేదు. దొరకలేదని రాసేసి కూర్చుంటాయి.

ఆ దారి రాసేది నేను. ఆ వారం బుధవారం నాడు పాత సర్వరు మీదున్నవన్నీ కొత్తదాని మీదకు మార్చాను. ఫైళ్ళున్న ఫోల్డరును ఉన్నదున్నట్టు ఎత్తి కొత్తదాంట్లో పెట్టాను. నాకు ముందు ఆ ఉద్యోగం చేసి వెళ్ళిపోయినాయన దానికి ఇంగ్లీషు అక్షరాల్లో అరబ్బీ పేరు పెట్టాడు, మఖ్జన్ అని. అంటే గోడౌనే. ఆ మాట మా అందరి నోళ్ళలో రోజుకు వందసార్లు నలుగుతుంది. లోడింగు వాళ్ళు, ఫోర్క్‌లిఫ్టు వాళ్ళు, స్టోరుకీపరు, సగానికి సగం మనవాళ్ళే. ‘మఖ్జన్‌లో ఉన్నా’, ‘మఖ్జన్‌కి రా’ అంటూనే ఉంటారు. అందుకని దారి రాసే చోట ఆ పేరును కాపీ చెయ్యకుండా చేత్తో కొట్టేశాను. తెలిసిన మాటే కదా!

రాసి ఊరుకోలేదు, ఒక కంప్యూటరును ఆపి వేసి చూశాను. చక్కగా లేచింది. పాత సర్వరు ఇంకా నడుస్తోందని, అది పాతదాన్ని అడిగి లేచిందని నాకు తోచలేదు. గురువారం మధ్యాహ్నం పాతదాన్ని ఆపేశాను. అప్పటికే నడుస్తున్న కంప్యూటర్లకు ఆ సంగతి పట్టలేదు. సాయంత్రం అన్నిటినీ కట్టేసి వెళ్ళారు. శుక్రవారం సెలవు. శనివారం పొద్దున్న నేను చూసింది ముప్పై రెండు నల్ల తెరలు.

బయట తొమ్మిది లారీలు ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి. జూలై ఎండ ఏడింటికే గోడలు కాల్చేస్తోంది. పెరుగు డబ్బాల పెట్టెలు కొన్ని అప్పటికే చల్లగది దాటి బయటికి వచ్చేశాయి. అప్పుడు ముదీర్ వచ్చాడు. ముదీర్ అంటే మా మేనేజరు. అరిచే మనిషి కాదు, కోపం వస్తే గొంతు తగ్గిస్తాడు. అరిచేవాళ్ళతో నేనూ అరవగలను గానీ ఈయనతో నా వల్ల కాదు.

“బుధవారం మార్చింది నువ్వే కదా?” అన్నాడు ఇంగ్లీషులో, మెల్లగా.

“నేను టెస్టు చేసే ఇచ్చాను సార్. బాగానే లేచింది. గురువారం సర్వరు రూము తుడిచేటప్పుడు ఎవరో వైరు కదిపుంటారు.”

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు ఆ మాట. కాలు జారితే తీసుకోగలంగానీ నోరు జారితే తీసుకోలేం అని మా అమ్మ చెప్పీ చెప్పీ అలిసిపోయింది. ‘ఎవరో’ అన్నాను. కానీ ఆ గది తుడిచేది ఒక్క మనిషే.

ఆమెది అన్నమయ్య జిల్లా. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. పదకొండేళ్ళు ఒక కువైటీ ఇంట్లో పనిచేసింది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, మంచిదై వేరేచోట చేసుకోమని రిలీజు ఇస్తే మా కంపెనీలో క్లీనింగుకు చేరింది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను మేడమ్మా అంటుంది. ఊళ్ళో కూతురు నర్సింగు చదువుతోంది, ఇంకా ఏడాది ఉంది. ఆమె ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, ఆ నెలాఖరుతో అయిపోతోంది. రెన్యువల్ కాగితం సంతకం కోసం ముదీర్ బల్ల మీదే ఉంది. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే అన్నానా అంటే కాదు. తెలియక అన్నానా అంటే అదీ కాదు.

ముదీర్ కెమెరా రికార్డింగు వేయించాడు. గురువారం సాయంత్రం నాలుగింటికి ఆమె సర్వరు గదిలోకి వెళ్ళడం, ఒక ప్లగ్గు పీకి ఆ చోట వాక్యూము మెషీను పెట్టుకోవడం, పని అయ్యాక మళ్ళీ ప్లగ్గు పెట్టడం స్పష్టంగా కనబడింది. నా ప్రాణం కాస్త కుదుటపడింది. అవును, కుదుటపడింది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ ఉన్న మాట అదే. ఆమెను పిలిచారు. కొంగు నడుముకు దోపుకుని పరుగున వచ్చి, ఆ ఇంట్లో నేర్చిన అరబ్బీలో ఆయనకేదో చెప్పింది. నాకంటే వందరెట్లు బాగా మాట్లాడుతుంది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో అంది.

“పీకినా మేడమ్మా. అబద్ధం యాల చెప్పాల. ఇంకో ప్లగ్గు యాడా లేదు. పీకినా, మళ్ళా పెట్టినా.”

“ఖలాస్. దీని సంగతి నేను చూసుకుంటా. నువ్వు వెళ్ళి కంప్యూటర్లు లేపు, యల్లా,” అన్నాడు ముదీర్ నాతో.

సర్వరు గదిలోకి వెళ్ళి ఆ ప్లగ్గు చూశాను. అది పాత సర్వరుది. మధ్యాహ్నం నేను ఆపేసినదే. ఆమె పీకింది చచ్చిన పాము తోక. కొత్త సర్వరు దాని మానాన అది పచ్చలైట్లు వెలిగించుకుని నడుస్తోంది. అంటే తప్పు వైరులో లేదు, నా రాతలో ఉంది. వెంటనే వెనక్కి వెళ్ళి చెప్పాలి. ముందు వీటిని లేపేసి, తర్వాత చెబుదాంలే అనుకున్నాను. భయపడే మనిషికి ‘తర్వాత’ అంత తీపి మాట ఇంకోటి ఉండదు.

కూర్చుని నా రాత చదివాను. గీత ఇటు వాలాలా అటు వాలాలా చూశాను, సరిగ్గానే వాలింది. పెద్దక్షరం ఎక్కడైనా పడిందేమో చూశాను, ఆ సర్వరుకు పెద్దక్షరం వేరు, చిన్నక్షరం వేరు. లేదు. ఫైలు ఉందా? ఉంది. తెరిచే హక్కు ఉందా? ఉంది. ‘మఖ్జన్, గీత, బూట్, గీత’ అని పైకి చదివాను. పదిసార్లు చదివి ఉంటాను. పదిసార్లూ నా నోటికి సరిగ్గానే ఉంది. ఫోను మోగుతూనే ఉంది, స్టోరుకీపరు ఒకసారి, డ్రైవర్ల తరఫున ఎవరో ఇంకోసారి.

తలుపు దగ్గర అలికిడైంది. ఆమే, చేతిలో పాలు లేని టీ.

“నా పని అయిపోయినట్లే గదా మేడమ్మా?”

“ఉండక్కా, తల తినకు!” అని కసిరాను. గ్లాసు బల్ల మీద పెట్టింది గానీ వెళ్ళలేదు. గోడకు ఆనుకుని గమ్మున నిలబడింది. నేను మళ్ళీ చదువుకున్నాను. మఖ్జన్, మఖ్జన్, మఖ్జన్.

“మేడమ్మా, అది అట్ల కాదు.”

“ఏది?”

“ఆ మాట. అందరూ ఈడ అట్లనే అంటారు, నేనూ అట్లనే అంటాంటి. మా మామా ఇంట్లో చిన్న పాప నవ్వి నవ్వి సచ్చేది. మన జ కాదంట. నా గెడ్డం పట్టుకోని నేర్పించింది, పండ్లు మూసి తేనెటీగ మాదిరి అనమని.” ఆమె పళ్ళు కలిపి ఆ మాట పలికింది. మధ్యలో నిజంగానే తేనెటీగ రొద వినిపించింది. “మనకు ఒగటే జ. వాళ్ళకు రెండంట. ఇంగిలీసులో గూడా రెండేనంట గదా, ఏబీసీడీల్లో ఆఖరుది ఇదేనంట.”

నేను ఆమె మొహంలోకి చూడలేదు. తెర మీదకు చూశాను. ఫోల్డరు పేరులో ఏబీసీడీల ఆఖరి అక్షరం, జెడ్, ఉంది. నా రాతలో జె ఉంది. తెలుగులో జామకాయకీ అదే జ, జీరోకీ అదే జ, జూకీ అదే జ. చెవితో విన్న మాటను చెవితోనే రాశాను. పదిసార్లు చదివినా కనబడకపోవడానికి కారణం, నా నోట్లో అవి రెండూ ఒకటే.

ఒక్క అక్షరం తీసి ఒక్క అక్షరం పెట్టాను. ఆ ఒక్క మీటా రెండుసార్లు తప్పు నొక్కాను, వేళ్ళు నిలవక. కిందికి పరుగెత్తి మొదటి కంప్యూటరు వేశాను. లేచింది. ఒకదాని తర్వాత ఒకటి ముప్పై రెండూ లేచాయి. ఎవరో చప్పట్లు కొట్టారు. లారీలు కదిలాయి. అప్పుడు తొమ్మిదిన్నర అయింది.

నా వెనకాలే దిగి వచ్చిన ఆమె, “లేచినాయా? ఇంక నన్నేమీ అనరు గదా మేడమ్మా?” అంది.

“చూద్దాం అక్కా,” అన్నాను. అంతకంటే నీచమైన మాట నా నోట్లోంచి ఎప్పుడూ రాలేదు.

నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని మా ఆయనకు ఫోన్ చేశాను. షువైఖ్‌లో ఒక గ్యారేజీలో మెకానిక్కు ఆయన. జరిగింది చెప్పాను. వెనకాల సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి.

“పిచ్చా ఏంటే నీకు? నోర్మూసుకుని కూర్చో. లేచినియ్యి కదా, అయిపోయింది. నీ ఇఖామా కూడా సెప్టెంబర్లో ఉంది, మర్చిపోయావా?”

“మరి ఆవిడేమైపోవాలండీ?”

“మనమేమైపోవాలి?” అన్నాడు.

ఫోన్ పెట్టేశాను. అబ్బాసియాలో మా రెండు గదుల ఇల్లు, నాలుగో తరగతి మధ్యలో ఉన్న పాప, నా పేరు మీద వీసా క్యాన్సిల్ కాగితం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కఫీల్, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న యజమాని, సంతకం పెడితే ఉంటాం, పెట్టకపోతే పోతాం. ఆరేళ్ళు ఎంత బాగా చేశావని ఎవరూ అడగరు. తప్పు చేయడం ఒక ఎత్తు, ఆ తప్పును పనిమనిషి మీదకు తోయడం ఇంకో ఎత్తు. రెండోది తెలిస్తే ముదీర్ నన్ను ఒక్క రోజు కూడా ఉంచడనిపించింది. వరండాలో ఎవరి చెప్పుల చప్పుడైనా నాకోసమే అనిపించేది. ఒకసారి ముదీరే తలుపు తీశాడు. ఆయన నవ్వి, బొటనవేలు ఎత్తి, “జేన్, జేన్,” అన్నాడు. బాగుంది అని. ఆరేళ్ళుగా వింటున్న ఆ మాటలో తేనెటీగ రొద మొదటిసారి వినిపించింది.

పదిన్నరకు చెబుదామనుకున్నాను. పదకొండుకు చెబుదామనుకున్నాను. మధ్యలో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఏమీ అనరులే, కంప్యూటర్లు లేచాయిగా, కెమెరాలో మళ్ళీ ప్లగ్గు పెట్టడం కూడా కనబడిందిగా అని. పదకొండున్నరకు స్టోరుకీపరు కాగితమేదో ఇవ్వడానికి వచ్చి, పోతూ పోతూ అన్నాడు.

“క్లీనింగు ఆవిడ్ని పంపించేత్తన్నారంటండీ. తప్పు ఒప్పుకుని సంతకం పెట్టేసిందంట. మందూబు క్యాన్సిల్ కాగితాలు తీసుకుని బయలెల్లి ముప్పావుగంటయ్యింది.”

మందూబ్ అంటే కంపెనీ కాగితాలు పట్టుకుని ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి. ఆయన చేతిలోంచి కాగితం కౌంటరు దాటి లోపలికి వెళ్ళిందంటే, దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు.

ముదీర్ గదికి ఎలా వెళ్ళానో గుర్తులేదు. తలుపు కొట్టలేదని మాత్రం గుర్తుంది. “ఆమె తప్పు లేదు సార్. తప్పు నాది,” అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూసి, ఒక కాపీ కాగితం నా ముందుకు జరిపాడు. అంతా అరబ్బీ. కింద ఆమె వంకర సంతకం. “వైరు పీకింది నేనే అని ఒప్పుకుంది. తప్పు లేకపోతే సంతకం ఎందుకు పెడుతుంది?”

“పీకింది నిజమే సార్. కానీ అది నేను ఆపేసిన సర్వరు వైరు. దానికీ దీనికీ సంబంధం లేదు.” నోటితో చెబితే అర్థంకాదని ఆ కాగితం అంచునే రెండు మాటలు రాశాను, కింద ఫోల్డరు అసలు పేరు, పైన నేను కొట్టింది. ఒక్క అక్షరమే తేడా. ఆయన పైది నోట్లో నెమ్మదిగా కూడబలుక్కున్నాడు.

“ఇదేమిటి? ఇలాంటి మాట అరబ్బీలో లేదు.”

“లేదు సార్. ఆ లేనిచోటికే నేను ముప్పై రెండు కంప్యూటర్లను పంపాను.”

ఆయన నవ్వలేదు. “పొద్దున్న వైరు అని మొదట అన్నది నువ్వే,” అన్నాడు, ఇంకా గొంతు తగ్గించి.

“నేనే.”

“ఈ అక్షరం నీకు ఎప్పుడు కనబడింది?”

“తొమ్మిదిన్నరకు.”

గోడ గడియారం నా వెనకే ఉంది. ఆయన దాని వైపు చూసి, మందూబుకు ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. రెండోసారి చేశాడు. ఎత్తలేదు. ఆ రెండోసారికీ మూడోసారికీ మధ్య నేను మొక్కని దేవుడు లేడు. మూడోసారి ఎత్తాడు. ఆఫీసు చుట్టూ పార్కింగు దొరక్క ఇరవై నిమిషాలుగా తిరుగుతున్నాడట, మందూబు విసుక్కుంటున్నది నాకు కూడా వినబడింది. ముదీర్ రెండే మాటలన్నాడు. వెనక్కి రమ్మని. కువైట్‌లో పార్కింగు దొరకనందుకు ఆ రోజు దణ్ణం పెట్టుకున్నది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

తర్వాత నా చేత ఇంగ్లీషులో ఒక కాగితం రాయించాడు. తప్పు నాది, ఆమెది కాదు, పొద్దున్న నేనన్నది నిజం కాదు. “నీ సంగతి సెప్టెంబర్లో చూస్తా,” అన్నాడు. ఆ రెండు నెలలూ నేను సరిగా నిద్రపోలేదు. చివరికి ఏడాదికి మాత్రం రెన్యువల్ చేశారు, ఒక వార్నింగు కాగితం జతచేసి. ఆమెది మాత్రం ఆ వారంలోనే సంతకమైంది.

కానీ నేను చెప్పదలుచుకున్నది ఆ మధ్యాహ్నం సంగతి. ముదీర్ గదిలోంచి బయటికి వచ్చేసరికి నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. భయం పోలేదు గానీ, భయం మీద ఏదో గర్వం ఎక్కి కూర్చుంది. చెప్పేశాను కదా! ఆ ఊపులోనే వంటగది పక్కన నీళ్ళ గదికి వెళ్ళాను. ఆమె స్టూలు మీద కూర్చుని తుడుపుగుడ్డలు పిండుతోంది. పక్కన ఆమె చేతిసంచీ సర్దిపెట్టి ఉంది.

“అక్కా, చెప్పేశాను. తప్పు నాదేనని చెప్పేశాను. కాగితం వెనక్కి వచ్చేస్తోంది. నువ్వు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు.”

ఏడుస్తుందనుకున్నాను. చేతులు పట్టుకుంటుందనుకున్నాను. ఆమె గుడ్డ పిండి, బకెట్టు అంచు మీద ఆరేసి, అప్పుడు తల ఎత్తింది.

“నాకు తెల్సమ్మా.”

“ఏం తెలుసు?”

“తప్పు నీదని. ఆ అచ్చరం దిద్దేటప్పుడు నీ చెయ్యి వణికింది గదా. నీ మొగం జూసినా. అప్పుడే తెల్సింది.” ఆమె గొంతులో కోపం లేదు. అదే భరించడం నా వల్ల కాలేదు. “సరేలే, మేడమ్మకు తెల్సింది గదా, పొయ్యి చెప్తాదిలే అని ధైర్యంగా వచ్చి ఈడ కూర్చున్నా. చానాసేపు కూర్చున్నా. నువ్వు రాలా. ముదీర్ పిలిచి సంతకం పెట్టమన్నాడు. ఇంక నువ్వు రావులే అనుకోని పెట్టినా.”

బకెట్టు ఎత్తుకుని నా పక్క నుంచి వెళ్ళిపోయింది.

ఆమె ఇప్పటికీ అక్కడే పని చేస్తోంది. నన్ను మేడమ్మా అనే పిలుస్తుంది. పొద్దున్నే టీ తెచ్చి పెడుతుంది, ఊరి కబుర్లు చెబుతుంది, నవ్విస్తుంది కూడా. ఎప్పుడైనా ఏదో అడిగినప్పుడు నేను అలవాటుగా ‘చూద్దాం అక్కా’ అంటే మాత్రం, మాట ఆపి ఒక్కసారి నా చేతుల వైపు చూస్తుంది.